దున్నువాని పేరు

(ఒక గ్రామ గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాసము)



దారిద్ర్యమును గూర్చి మాటలాడుటకు మమ్ము పిలిచితిరి. ఈ విషయమున మన దేశములో రెండు మాటలు చిరకాలముగా వినవచ్చుచున్నవి. పేదవాడు తన నుదుటివ్రాత చొప్పున పేదయైనాడని ఒక మాట. కష్టపడడు గనుక పేదయైనాడని మరియొక మాట. మొదటిది పూర్వులది, రెండవది నవనాగరకులది. మాకు రెండును సమ్మతములు కావు. నుదుటివ్రాతను చదివినవారు ఎవ్వరును లేరు. కాని అందరును చదువదగిన వ్రాత ఒకటి సర్కారు దస్తరములలో కలదు. అందులో ఎవని పేరు ఏ గడిలో నున్నదో, ఎవని పేరు ఏ గడిలోను లేదో చూచినచో, మన పల్లెలలో కలిమిలేములు ఏర్పడిన విధము చాలవరకు తెలిసిపోవును. ఈనాడు మేము విన్నవింపదలచినది ఆ ఒక్క విషయమే. నేలను దున్నువాని పేరు నేల పుస్తకములో లేదు. అతని లేమికి మొదటి కారణము అదియే యని మా నమ్మకము.

దైవమునకును శాసనమునకును గల భేదమును ముందుగా గుర్తింపవలెను. 1876లో, ధాత నామ సంవత్సరమున, వానలు కురియకపోవుట దైవికమే. ఆ కరువును మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనిరి. కాని 1877లో చెన్నపురి రాజధానిలో కరువు పనులకు వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని నిర్ణయించినది దైవము కాదు. సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి. పౌను అనగా అరకిలోకు లోపు. ఎండలో మట్టి మోయువాడు ఆ తిండితో నిలువజాలడని ఆ రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా ఆక్షేపించెను. పిమ్మట ఆ కొలతను సడలింపవలసి వచ్చినది. మనుష్యుడు నిర్ణయించినది గనుకనే మనుష్యుడు మార్చగలిగెను. వాన లేమి వేరు, తిండి లేమి వేరు. మొదటిదానిని రెండవదానిగా మార్చునది, లేక మారకుండ కాపాడునది, రాజ్యనీతి.

ఇక నేల సంగతి. 1802లో చెన్నపురి ప్రభుత్వము తన 25వ రెగ్యులేషనుచే జమీందారులను భూస్వాములనుగా దస్తరములకెక్కించెను. ఉత్తర సర్కారులలో విశేష భాగము ఆ శాశ్వత పద్ధతి క్రిందికి వచ్చినది. అంతవరకు శిస్తు వసూలుచేయుట ఎవరి పనియో, వారు నేలకు యజమానులైరి. తరతరములుగా ఆ నేలనే దున్నుచుండినవాడు అన్యుని నేలపై బ్రదుకువాడాయెను. తక్కిన తావులలో సర్ థామస్ మన్రో నెలకొల్పిన రైతువారీ పద్ధతి వచ్చినది. అది మేలైనదే, ప్రభుత్వమునకును రైతునకును నడుమ జమీందారు లేడు. కాని పట్టా ఎవరి పేర వచ్చినది? అప్పటికే భూమి చేతనున్నవారి పేర వచ్చినది. వారి క్రింద దున్నినవారును, పాలేళ్లును, మాలమాదిగ పల్లెలలో నివసించుచు ఇతరుల పొలములలో నడుము వంచినవారును ఆ గడిలో చేరలేదు.

పిమ్మట 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైనవి. కాటన్ దొరను మన గోదావరి ప్రజలు నేటికిని కృతజ్ఞతతో తలచుకొనుచున్నారు, అది న్యాయమే. నీరు పల్లమెరుగునని సామెత. ఈ నీరు పట్టాను గూడ ఎరిగినది. కాలువ వచ్చినతోడనే నేల వెల పెరిగెను. ఆ పెరుగుదల పట్టాదారునిది. కూలివానికి పని దినములు పెరిగినవి. నేల మాత్రము చేరలేదు. తవ్వినవాడు ఒకడు, తడిసిన నేల మరియొకనిది. డెల్టాలో ఒక తరమువారు మిద్దెలు కట్టుటకును, వారి పొరుగువారు పాకలలోనే యుండుటకును మూలము ఇచ్చట నున్నది. ఇందులో ఒకరి బుద్ధిబలమును మరియొకరి సోమరితనమును వెదకుట వృథా.

స్వాతంత్ర్యోద్యమము ఈ ప్రశ్నను విడిచిపెట్టలేదు. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము జమీందారీ రైతునకు సాగుహక్కును ఒప్పుకొన్నది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడినప్పుడు రెవిన్యూ మంత్రియైన టంగుటూరి ప్రకాశంగారి అధ్యక్షతన ఒక సంఘము విచారణ జరిపి, మరుసటి సంవత్సరమున నివేదిక సమర్పించెను. 1948లో జమీందారీలను రద్దుచేయు శాసనము వచ్చినది. ఆవల నైజాము రాజ్యమున 1946 మొదలు 1951 వరకు రైతు సాయుధుడై పోరాడెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలునకు తీసికొని పండించిన పంటను విసునూరు దేశముఖు మనుష్యులు ఎత్తుకొనిపోవ వచ్చిరి. ఆమె సంఘమువారి తోడ్పాటుతో ఎదురు నిలిచి ఆ పంటను దక్కించుకొనెను. ఆ పోరాటములో ఆమె అడిగినది దానము కాదు. తాను పండించిన గింజలు తన యింటికి చేరవలెననుటయే. 1949లో జాగీరులు రద్దయినవి. 1950లో హైదరాబాదు కౌలు చట్టము వచ్చి రక్షిత కౌలుదారులను పేరు పేరున గుర్తించెను. వారిలో కొందరు నేలకు యజమానులైరి. ఆంధ్ర ప్రాంతమునకు 1956లో వేరుగా కౌలు చట్టము వచ్చెను. 1973లో భూపరిమితి చట్టము మాగాణికి 10 మొదలు 27 ఎకరములును, మెట్టకు 35 మొదలు 54 ఎకరములును హద్దుగా పెట్టెను.

ఇన్ని శాసనములు వచ్చిన పిమ్మటను దున్నువాని పేరు పుస్తకమునకు ఏల ఎక్కలేదు? ఇచ్చట ఒక విపరీతము జరిగినది. కౌలుదారును కాపాడుటకు వచ్చిన చట్టము యజమానికి భయము కలిగించెను. కాగితము వ్రాసినచో నేల చేజారునని అతడు తలచెను. కౌలుదారునకు ఆ చట్టమును నిలుపుకొను బలము లేకపోయెను. అందుచే యజమాని కౌలు మానలేదు, కాగితము మానినాడు. పత్రము పోయి నోటిమాట మిగిలినది. ఏటేట కౌలుదారుని మార్చుట, చేనునుండి చేనునకు త్రిప్పుట, ముందుగానే కౌలు రొక్కము పుచ్చుకొనుట వాడుకయైనవి. శాసనగ్రంథములో కౌలుదారు ఎంత రక్షితుడో, పొలము గట్టున అంత అనాథ. శాసనము నిజముగా నెరవేరవలెనన్న దానిని అడుగగల బలము అవతలివానికి ఉండవలెను. ఆ బలమును ఇయ్యక హక్కును మాత్రము ఇచ్చుట, ఈతరాని వానికి పడవ పట్టా ఇచ్చుటవంటిది.

ఆ పిమ్మట మరియొక మార్పు వచ్చెను. హరిత విప్లవ కాలమున డెల్టా పంట మిగులు పొలమునందే నిలువలేదు. బియ్యపు మిల్లులకు, రవాణాకు, చలనచిత్రములకు, కళాశాలలకు, ఆసుపత్రులకు ప్రవహించెను. పట్టాదారుల బిడ్డలు చదువుకొని పట్టణములకును, హైదరాబాదునకును, అమెరికాకును పోయిరి. అది దోషము కాదు. మన జాతి ఉన్నతికి అదియు ఒక మెట్టు. కాని వారు పోవునప్పుడు నేలను అమ్మలేదు, పట్టాను వెంటనుంచుకొని సాగును మాత్రము విడిచిరి. విడిచిన సాగును చేపట్టినవారెవరు? నిన్నటి పాలేరు, నిన్నటి కూలివాడు, సెంటు భూమి గలవాడు, ఏమియు లేనివాడు. నేడు దేశములో కౌలుసేద్యము మిక్కిలిగా గల రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము మొదటి వరుసలో నున్నది. దున్నువాడు మారెను, పుస్తకము మారలేదు.

ఈ మారని పుస్తకము ఒక యింటిని ఎట్లు పేదదానిగా నిలుపునో లెక్క వేసి చూతము. ఒక ఎకరమునకు ముప్పది బస్తాల వడ్లు పండినవనుకొందము. కౌలు పదునైదు బస్తాలనుకొందము. సగము పంట గట్టు దాటకమునుపే యజమానిది. పంట పోయినను కౌలు పోదు. విత్తనమునకు, ఎరువునకు, మందునకు, యంత్రమునకు, కూలికి ముప్పదివేల రూపాయలు పెట్టుబడి కావలెననుకొందము. పట్టా గలవాడు బ్యాంకునకు పోయినచో పంటఋణము ఏడు వంతుల వడ్డీకి దొరకును; గడువులోపల తీర్చినచో ప్రభుత్వపు రాయితీవలన అది నాలుగు వంతులకు దిగును. ఆరు మాసములకు ఆరు వందల రూపాయలు. పట్టా లేని కౌలుదారు ఎరువుల దుకాణమునకో, ధాన్యపు వర్తకునికో చేయి చాపవలెను. నూటికి నెలకు రెండు రూపాయలనిన ఆరు మాసములకు మూడువేల ఆరువందలు. అదే నేల, అదే నీరు, అదే విత్తనము. వడ్డీ మాత్రము ఆరు రెట్లు. పైగా అప్పిచ్చిన వర్తకునికే, అతడు చెప్పిన ధరకే, కళ్లమునందే ధాన్యము కొలిచి ఇయ్యవలెను. ఈ తేడా అతని కష్టములో నున్నదా? బుద్ధిలో నున్నదా? పుస్తకములోని గడిలో నున్నది.

1969లో పెద్ద బ్యాంకులను జాతీయము చేసినప్పుడు పల్లెకు పరపతి వచ్చునని అందరును సంతోషించిరి. వచ్చినది, కాని నేల హామీ గలవాని యింటికి వచ్చినది. ఒక సర్వే నంబరుపై యజమాని ఋణము తీసికొనియున్నచో కౌలుదారునకు మరల ఇచ్చుటకు బ్యాంకు వెనుదీయును. యజమాని ఆ నాలుగు వంతుల రొక్కమును పట్టణములో ఇంటిపనికి వాడుకొనిన సందర్భములు కలవు. పొలములోనున్నవాడు మాత్రము ఇరువదినాలుగు వంతులకు తెచ్చుకొనును. పేరు వ్యవసాయఋణము, చేరినది వ్యవసాయము విడిచినవానికి.

ఇటీవలి కాలమున ప్రభుత్వములు నేరుగా రొక్కమునే ఇయ్య నారంభించినవి. 2018లో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు పేర పంట కాలమునకు ఎకరమునకు నాలుగువేల రూపాయల చొప్పున ఇచ్చెను. పట్టా ఉన్నవాడే రైతు అనునది ఆ పథకపు నిర్వచనము. పది ఎకరముల పట్టాదారునకు ఏడాదికి ఎనుబదివేలు. అతని పది ఎకరములను దున్నిన కౌలుదారునకు సున్న. 2019లో కేంద్ర ప్రభుత్వము భూమి గల రైతు కుటుంబమునకు ఏడాదికి ఆరువేల రూపాయలు ఇచ్చుట మొదలిడెను. అందును కౌలుదారునకు చోటు లేదు. అదే సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన రైతు భరోసాలో భూమిలేని కౌలుదారులను చేర్చెను గాని, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు అను హద్దు గీచినది. హద్దు ఏదైనను మొదటి అడుగు పడినందుకు మేము సంతసించితిమి. అయినను సాగుకు సాక్ష్యముగా కాగితము చూపవలెను. ఆ కాగితము యజమాని చేతిలో నున్నది.

ఇందులో మరియొక చిక్కు గలదు. ఎకరమునకు ఇంతయని యజమానికి వచ్చిన సాయము నేలను మరింత విలువగలదానినిగా చేయును. విలువ పెరిగిన నేలను కొనుట కౌలుదారునకు మరింత దుర్లభమగును. పేదరికమును తగ్గింప నుద్దేశించిన రొక్కమే అంతరమును పెంచుట ఇట్లు సంభవించును. ప్రభుత్వము క్రూరమైనది గనుక కాదు. పాత పుస్తకమును చూచి క్రొత్త దానము చేయుచున్నది గనుక.

అన్నిటికంటె దుస్సహమైన సంగతి ఒకటి కలదు. చెప్పుటకు నోరు రాదు. అప్పులపాలై ప్రాణము తీసికొనిన రైతుల కుటుంబములకు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము 2004లో లక్షన్నర రూపాయల సాయము నిర్ణయించెను. ఆ సాయము కోరి వచ్చిన భార్యను అధికారులు పట్టాదారు పాసుపుస్తకము అడుగుదురు. బ్యాంకు అప్పు కాగితము అడుగుదురు. కౌలుదారునకు పాసుపుస్తకము లేదు. అప్పు వర్తకుని చిట్టాలో నున్నది. అతడు రైతుగా బ్రదికెను, రైతు గనుక మరణించెను. కాని రైతని ఋజువు చేయుటకు కాగితము లేదు. బ్రదికినప్పుడు సాయము చేరని చేతికి చచ్చిన పిదపను చేరలేదు.

యజమానుల పక్షమున గూడ న్యాయమును చెప్పవలెను. అందరు యజమానులును దేశముఖులు కారు. రెండెకరముల పొలమే ఆధారముగా గల వితంతువు కలదు. బిడ్డ చదువునకు ఆ కౌలు గింజలనే నమ్ముకొనిన బడిపంతులు కలడు. వారి భయము అబద్ధము కాదు. అందుచే వారి హక్కును కదల్పక దున్నువానికి గుర్తింపు ఇచ్చు మార్గము వెదకవలెను. 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన కూర్చిన రైతు సంక్షేమ కమిషనును, పిమ్మట కోనేరు రంగారావుగారి భూమి కమిటీయు ఈ దిక్కునకే చూపినవి. 2011లో అధీకృత సాగుదారుల చట్టము వచ్చి, యజమాని హక్కునకు భంగము లేకుండ ఏడాది గడువుతో ఋణార్హత కార్డును ఏర్పరచెను. భావము మంచిదే. బ్యాంకులు ఆ కార్డును తగినంతగా మన్నింపలేదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము పదునొకండు మాసముల ఒడంబడికను పెట్టి, దానిపై యజమాని సంతకమును కోరినది. ఎవని భయమువలన కాగితము పుట్టుట లేదో వాని సంతకమునే తెమ్మనుట, నూతిలో పడినవానిని త్రాడు తెచ్చుకొమ్మనుట కాదా?

ఇది సాధ్యము కానిదని అనువారికి బంగాళమును చూపుదుము. 1978లో పశ్చిమ బంగాళ ప్రభుత్వము బర్గాదారుల పేర్లు నమోదుచేయు ఉద్యమమును ఆరంభించెను. పాలికి దున్నువారిని ఆ ప్రాంతమున బర్గాదారులందురు. అధికారులు కచ్చేరీలో కూర్చుండి అర్జీలకై వేచియుండలేదు. పల్లెలకే పోయి, సాయంకాలము పని తీరిన వేళ దున్నువారిని కూర్చి, ఊరివారి యెదుట విచారించి పేర్లు వ్రాసికొనిరి. పదునాలుగు లక్షల మంది పేర్లు నమోదయ్యెను. యజమాని నేల యజమానిదిగనే యుండెను. తొలగింపు భయము దున్నువానికి తగ్గెను, పంటలో అతని పాలు నిలిచెను. పేరు వ్రాసినంత మాత్రమున నేల బద్దలు కాలేదు.

కావున మేము కోరునవి మూడు. మొదటిది: ప్రతి పంట కాలమునను ఏరువాక సాగిన పిదప గ్రామసభలో, ఇరుగుపొరుగు చేల రైతులు సాక్షులుగా, ఏ చేనిని ఎవరు దున్నుచున్నారో వ్రాయవలెను, దానికి యజమాని సంతకము అవసరము కారాదు. రెండవది: ఆ వ్రాత సాగుకు మాత్రమే సాక్ష్యమనియు, యాజమాన్యమునకు ఏనాడును సాక్ష్యము కాదనియు చట్టము స్పష్టముగా చెప్పవలెను, అప్పుడు యజమాని భయమునకు మూలము పోవును. మూడవది: పంటఋణము, బీమా, తుపాను నష్టపరిహారము, పెట్టుబడి సాయము ఆ వ్రాత వెంట నడువవలెను. నేల వెంట కాదు, సాగు వెంట. కౌలుకు గూడ పొలము దొరకని కూలివాని సంగతి ఇంతటితో తీరదు. అతని కూలి, అతని ఇంటిస్థలము, అతని బిడ్డల బడి వేరుగా చర్చింపవలసిన విషయములు. కాని దున్నువాడు నిలద్రొక్కుకొనిన ఊరిలో కూలివాని కూలియు నిలుచును.

ఈ సభలో యజమానులు కలరు, కౌలుదారులును కలరు. వరండాలో వెనుక నిలుచున్న వారిలో ఎక్కువమంది కౌలుదారులని మాకు కనబడుచున్నది. శాసనసభ చేయవలసిన పని శాసనసభ చేయవలెను. దానికై అడుగుట మన వంతు. కాని శాసనము వచ్చువరకు చేతులు ముడుచుకొని యుండవలెనా? ముందు కూర్చున్న పెద్దలను మేము ఒకటి అడుగుచున్నాము. ఈ ఏడు కౌలు మాట్లాడుకొనునప్పుడు ఒక కాగితముపై, సర్వే నంబరుతో, గడువుతో, మీ పొలమును దున్నువాని పేరు వ్రాసి సంతకము చేయుడు. పంట పోయిన ఏట కౌలులో ఎంత తగ్గింతురో అదియు ఆ కాగితముననే వ్రాయుడు. ఈ గ్రంథాలయమున ఒక చిట్టాపుస్తకము పెట్టి, ఆ కాగితముల నకళ్లను ఇచ్చట భద్రపరుపుడు. రేపు తుపాను వచ్చి అధికారి నష్టము వ్రాయుటకు ఊరికి వచ్చినప్పుడు, ఆ చిట్టాను తీసి అతని ముందు పెట్టుటకు వీలగును.